జానపదమనగా ననాథయా?

"జానపదమునకు యజమాని లేడు" అను మాట నేడు పాటల వ్యాపారము చేయువారి నోట సామెతవలె వినవచ్చుచున్నది. మొదటిసారి వినినపుడు ఇది మిక్కిలి యుదారమైన మాటగా దోచును. గాలికిని వెన్నెలకును యజమాని లేనట్లే పల్లెపాటకును లేడు. ఎవరైనను పాడుకొనవచ్చును, ఎవరైనను విని యానందింపవచ్చును అని దాని భావమని మనమనుకొందుము. కాని యీ మాట నుచ్చరించువారే తాము వెలువరించిన పాటక్రింద సంస్థపేరును, స్వరకర్తపేరును, గాయకునిపేరును, తుదకు చిత్రమునకు రంగులు దిద్దినవాని పేరును గూడ వ్రాసికొని, సర్వహక్కులును తమవేయని చేర్చుచున్నారు. అంతవరకు యజమాని లేని వస్తువు వారి గడప దాటినంతనే యజమానిని సంపాదించుకొనుచున్నది. ఈ వింతను గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని చాలకాలమునుండి యనుకొనుచుంటిని. క్రిందటి వేసవిలో మా వాడలో జరిగిన యొక పెండ్లి నాచేత నేటికి కలము పట్టించినది.

మాది మర్రిగూడ. నల్లగొండ జిల్లాలో మెట్టభూమి. మా ప్రాంతమును గూర్చి దేశమునకు దెలిసినది చాలవరకు నీటి సంగతి. ఫ్లోరైడు కలిసిన బావినీరు త్రాగి ఎముకలు వంగిన మనుష్యులను చూచుటకు, వారి ఛాయాచిత్రములు తీసికొనుటకు పత్రికలవారును, డాక్టరులును, మంత్రులును ఎన్నియో మారులు వచ్చిరి. పాటలకొరకు వచ్చినవారిని మాత్రము నేనెరుగను. ఆ పెండ్లిలో బరాతు ముందు ఒక బండిమీద డీజే పెట్టెలు కట్టి, యూట్యూబులో పేరెక్కిన యొక జానపదమును గుండెలదరునట్లు మ్రోగించుచుండిరి. పడుచువాండ్రు ఎగురుచుండిరి. మా ప్రక్కింటి యవ్వ, నడుము వంగిపోయినది, అరుగుమీద చేతికఱ్ఱ నానించుకొని కూర్చుండి తనలో తాను నవ్వుకొనుచుండెను.

"ఏందవ్వా, నవ్వుతున్నవు?" అని యడిగితిని.

"మునుము అనాలె బిడ్డా. వీళ్ళు మనసు మనసు అంటుండ్రు" అనెను.

పట్టణపు చదువరులకు మునుమనగానేమో తెలియకపోవచ్చును. నాట్లువేయునపుడును, కలుపుదీయునపుడును కూలికి వచ్చిన స్త్రీలు పొలమునకడ్డముగా వరుసదీరుదురు. ఒక్కొక్కరు తమ ముందున్న పట్టీని పట్టుకొని గట్టువరకు సాగిపోవుదురు. దానికి మునుమని పేరు. అందరికన్న వెనుకబడినదానిని మిగిలినవారు పాటతో నెత్తిపొడుతురు. అవ్వ చెప్పినదానినిబట్టి ఆ పాట మునుము సాగని యొక క్రొత్తకోడలిని ఎగతాళి చేయునట్టిది. పొలము చూడని గాయకుడెవరో మునుమును మనసుగా వినెను. అతనిని చూచి పాడిన రెండవవాడు, మనసు వచ్చినది గదా యని ప్రియుని జేర్చెను. మూడవవాడు ఆంగ్లపదములు చేర్చి వేగము పెంచెను. మా వాడకు వచ్చునప్పటి కది విరహగీతమైనది. దానిని పాడుచు నాట్లువేసిన మనిషి అరుగుమీద కూర్చుండియే యున్నది. ఆమె నెవరును అడుగలేదు.

ఇది చిన్న సంగతియని కొందరనవచ్చును. సరే, పెద్ద సంగతినే తీసికొందము.

2021వ సంవత్సరము ఫిబ్రవరి మాసాంతమున "లవ్ స్టోరీ" యను చలనచిత్రమునుండి "సారంగ దరియా" యను పాట చిత్రముకన్న ముందుగా వెలువడినది. దర్శకుడు శేఖర్ కమ్ముల, స్వరము కూర్చినవాడు పవన్, పాడినది మంగ్లి, రచన మన నల్లగొండ మట్టిలో పుట్టిన సుద్దాల అశోక్ తేజగారిది. చిత్రము సెప్టెంబరు 24వ తేదీన గాని విడుదల కాలేదు. అప్పటికి పాట మాత్రము ఇంటింట ప్రాకిపోయినది. కొద్ది వారములలోనే యూట్యూబున దానిని పదికోట్ల మారులు చూచిరి. అటుపిమ్మట దానికి అనుకరణములు పుట్టుకొని వచ్చినవి. వేణువుమీద నొకరు, వయొలినుమీద నొకరు, తప్పెట్లతో నొకరు, గొంతుతోనే సమస్త వాద్యములను బలికించుచు నొకరు. పాఠశాలల వార్షికోత్సవములలో బాలికలు నర్తించిరి. సముద్రమునకావల తెలుగు సంఘముల పండుగలలోను నర్తించిరి. నేనును ఆ పాటను మెచ్చినవాడనే. మంగ్లి గొంతులో తెలంగాణపు ఉచ్చారణము సిగ్గుపడక నిలిచినది. యాసయనిన నవ్వులాటకు మాత్రమే పనికివచ్చునని చలనచిత్రములు మనకు నేర్పిన దినములను జూచినవారికి ఆ నిలుకడ యెంత విలువైనదో తెలియును.

ఇంతలో కోమలి యను గాయని ముందుకు వచ్చెను. తాను సేకరించి, టెలివిజనులో "రేలా రె రేలా" యను జానపద కార్యక్రమమున పాడిన పాట యిదియనియు, ఇప్పుడు తన పేరెక్కడను లేదనియు ఆక్షేపించెను. పత్రికలలోను, టెలివిజనులలోను కొన్నిదినములు వాదములు జరిగినవి. పల్లవి జానపదము, చరణములు తనవి యని కవి వివరించెను. చివరకు దర్శకుడు ఆమె పేరు చేర్చెదమనియు, ద్రవ్యసహాయము చేసెదమనియు బహిరంగముగా ప్రకటించెను. తగవు తీరినది. లోకము మరియొక పాటకు సాగిపోయినది.

దర్శకుడు చేసినది మంచి పనియే. దానికి నేను వంక పెట్టను. అయినను ఆ తగవు తీరిన తీరును కొంచెము నిదానించి చూడుడు. కోమలి టెలివిజనులో కనబడిన మనిషి. ఆమె పాడిన దృశ్యము నిలువయున్నది; ఆమె మాటను వినుటకు వార్తాసంస్థలు సిద్ధముగా నున్నవి. అట్టి యామెకే పేరు తగవాడి తెచ్చుకొనవలసివచ్చెను. ఏ పొలములోనో ఏ నట్టింటనో ఆ పల్లవిని అంతకుముందు కాపాడుకొని వచ్చిన స్త్రీలకు టెలివిజనులేదు, తగవాడుటకు తీరికయు లేదు. వారి ప్రశ్న ఆ తగవులో పుట్టనేలేదు. తగవాడగలవారికి మాత్రమే పేరు దక్కునట్టి యేర్పాటును న్యాయమనుకొందుమేని, న్యాయమను మాటకు మనము క్రొత్త యర్థము వెదకుకొనవలెను.

ఇక్కడ ప్రతివాదులు ఒక మంచి ప్రశ్న వేయుదురు. జానపదము ఎప్పుడు మారక నిలిచినది? ఒక యూరి పాట మరియొక యూరికి పోయినప్పుడెల్ల మాట మారును, వరుస మారును. ప్రతి గాయకుడును ముందువానిని అనుకరించినవాడే గదా! అట్లయిన అనుకరణమును దోషమనుట యెట్లు?

దోషమని నేననలేదు. ఇచ్చటనే మన నల్లగొండ చరిత్ర మనకు మేలైన సాక్ష్యము చెప్పుచున్నది. అశోక్ తేజగారి తండ్రి సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుఱ్ఱకథ, పల్లెల వరుసలు యథేచ్ఛగా దీసికొని తెలంగాణ పోరాటకాలమున పాటలు కట్టెను. దొరల వెట్టిని గూర్చి, పసులకాపరి పిల్లవానిని గూర్చి ఆయన కట్టిన పాటలు ఊరూరు తిరిగినవి. వరుస లెవరివి? ఆ పసులకాపరి తల్లిదండ్రులవి. పాట యెవరిని గూర్చి? వారిని గూర్చియే. ఎవరి యెదుట పాడెను? వారి యెదుటనే. తీసికొన్నదానిని తీసికొన్నచోటనే తిరిగి యిచ్చెను. తప్పు పాడినచో సరిదిద్దుటకు అవ్వ యెదుటనే యున్నది. ఊరిలో పాట మారుట యనగా ఇది. మారినదెవరివలన మారినదో, ఎందుకు మారినదో అందరికిని దెలియును. లారీమీద మ్రోగు పెట్టె నెవరు సరిదిద్దగలరు?

హనుమంతు కాలపు మరియొక పాటను తీసికొందము. "బండెనక బండి కట్టి" యను పాటను తెలంగాణలో నెరుగనివారు లేరు. అది బండి యాదగిరి కట్టినది. ఆయనయు ఆ పోరాటమునకు చెందినవాడే. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావు ప్రభృతుల పూనికతో 1980లో వెలువడిన "మా భూమి" చిత్రములో గద్దర్ దానిని పాడెను. తెరమీద తానే కనబడి పాడెను. ఆ పాడుటలోని బలమెట్టిదనగా, నేటికిని ఇంటింట అడిగి చూడుడు, అది గద్దర్ పాటయేయని పదిమందిలో ఎనమండ్రు చెప్పుదురని నేను పందెము వేయుదును. ఇందు గద్దరు దోషము లవలేశమును లేదు. 2023లో ఆయన కన్నుమూసినప్పుడు జనము ఆ పాటనే తలచుకొని కన్నీరు విడిచినది. కాని యాదగిరి పేరు తెలిసియుండగనే, విప్లవాభిమానులైన వారి చేతిలోనే, ఒక గొప్ప గొంతుక్రింద నట్లు మరుగుపడగలిగినపుడు, పేరే తెలియని స్త్రీ యొక్క గతి యేమగునో ఊహించుకొనుడు. దురుద్దేశము లేకున్నను అన్యాయము జరుగవచ్చును. ఆ మాట మన సంస్కారులు గూడ జ్ఞాపకముంచుకొనవలెను.

చట్టమేమి చెప్పుచున్నది? 1957వ సంవత్సరపు గ్రంథస్వామ్యశాసనమును 2012లో సవరించినప్పుడు అనుకరణ గీతములకు, అనగా నేడు కవరు పాటలని పిలుచుచున్న వానికి, ఒక ప్రత్యేక విధి నేర్పరచిరి. మొదటి రికార్డు వెలువడిన సంవత్సరము ముగిసి ఐదేండ్లు గడచినగాని ఆ విధిక్రింద అనుకరణ చేయరాదు. ముందుగా తెలియజేయవలెను. పాట కొకటికి సంవత్సరమునకు తక్కువలో తక్కువ యేబదివేల ప్రతుల లెక్కన స్వామ్యధనము ముందే చెల్లింపవలెను. మొదటి గాయకుని పేరుగాని బొమ్మగాని వేసి కొనువారిని మోసపుచ్చరాదు. ఇది అనుకరణయని పైన స్పష్టముగా వ్రాయవలెను. యంత్రసౌకర్యమునకు తప్పనిసరియైన మార్పులు దక్క సాహిత్యమును, స్వరమును మార్చరాదు. చూచితిరా, ఎంత చక్కని మర్యాద! ఒక సంస్థ పాటను మరియొక సంస్థ పాడించుకొనవలసినచో ఇన్ని నియమములు. మునుమును మనసుగా మార్చుట యీ విధి యొప్పదు. అయిన నీ మర్యాద యెవరికి? హక్కుదారు డెవడో తేలినవానికి. ఊరిపాటకు హక్కుదారు లేడు గావున ఆ గడపవద్ద నోటీసు లేదు, ధనము లేదు, మార్చరాదను నియమమును లేదు. ఊరిపాటను సంస్థ తీసికొనుట ఉచితము; ఆ సంస్థ పాటను మరల నొకడు తీసికొనవలెనన్న వెల గలదు.

పాడువారి గొంతుకు మాత్రము చట్టము కొంత యండ యిచ్చినది. 1994 సవరణమునుండి పాడినవారికి తమ పాడుకమీద ప్రత్యేకమైన హక్కు గలదు. 2012 సవరణము తామే పాడితిమని పేరు చెప్పించుకొను హక్కును గూడ చేర్చినది. అవ్వ గొంతు నెవరైన రికార్డు చేసి ప్రకటించినచో ఆమె యడుగవచ్చును. కాని యామె నోట విని యింటికి పోయి మరియొకరిచేత పాడించినచో ఆమెకు చట్టములో చోటు లేదు. కంఠమునకు రక్షణ గలదు. డెబ్బదియేండ్లు పాటను మోసికొని వచ్చిన జ్ఞాపకమునకు లేదు. 1982లోనే యునెస్కోయు, ప్రపంచ మేధాస్వత్వ సంస్థయు కలిసి జానపద కళల రక్షణకు ఒక మాదిరి శాసనము వ్రాసి దేశముల ముందుంచినవి. అందు పాట యే సముదాయమునుండి, ఏ ప్రాంతమునుండి వచ్చినదో తెల్పవలెనను విధి యున్నది. నలుబదియేండ్లు దాటినవి. మన దేశమున అట్టి ప్రత్యేక శాసనము పుట్టలేదు.

దీనికి తోడు యంత్రపు న్యాయమొకటి బయలుదేరినది. యూట్యూబులో ఎవరే పాట యెక్కించినను, ముందే నమోదైయున్న ధ్వనులతో యంత్రము దానిని పోల్చి చూచును. పోలినచో ప్రకటనల రాబడి నమోదు చేసికొన్నవాని ఖాతాకు పోవచ్చును. యంత్రమునకు ఎవరు ముందు నమోదు చేసిరో తెలియును గాని ఎవరు ముందు పాడిరో తెలియదు. రేపు మా యవ్వ మనుమరాలు తన యవ్వ పాటనే ఫోనులో పాడి పెట్టినచో, "ఇది ఫలానా సంస్థ పాట" యని ఆమెకే సమాధానము రాదని యెవరు చెప్పగలరు?

ఇది మన యొక్క దేశపు వ్యాధియే కాదు. 1939లో దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గు నగరమున సొలొమన్ లిండా యను జూలూ కార్మికుడు "ఎంబూబె" యను పాట పాడి రికార్డు చేయించెను. ఎంబూబె యనగా సింహము. పాటమీది హక్కునకు రికార్డుల సంస్థ ఆతనికిచ్చినది పది షిల్లింగులు. రికార్డు అమెరికాకు చేరెను. అక్కడ పీట్ సీగర్ అను గాయకుడు విని, జూలూ పదము చెవికి సరిగా పట్టక "విమొవె" యని వ్రాసికొనెను. వీవర్సు బృందము ఆ పేరుతోనే పాడెను. 1961లో మరియొక బృందము ఆంగ్లపదములు చేర్చి పాడగా అది లోకమంతట మ్రోగినది. 1994లో డిస్నీవారి "లయన్ కింగు" చిత్రమునకెక్కినది. మరి లిండా? 1962లో పేదవాడుగనే మరణించెను. ఆయన కూతుండ్రు వ్యాజ్యము వేసి, 2006లో రాజీ కుదిరి కొంత ధనమును, తండ్రికి పేరును దక్కించుకొనిరి. ఎంబూబె విమొవెగా మారినట్లే మా మునుము మనసైనది. పెద్ద సముద్రము దాటినను, మా చెరువుకట్ట దాటినను చెవి చేసినది ఒకే పని. తేడా యొకటే: లిండా పాడినది రికార్డుమీద నిలిచియుండుటచేత కూతుండ్రకు వ్యాజ్యమునకు ఆధారము దొరకినది.

ఇంత వ్రాసిన పిమ్మట, పేరు చెప్పి గౌరవించుట సాధ్యముకాదను వాదమునకు మాత్రము నేను చెవి యొగ్గను. సాధ్యమేయని రెండు చిత్రములు చూపినవి. మలయాళమున 2020లో వచ్చిన "అయ్యప్పనుం కోషియుం" చిత్రములో అట్టపాడి కొండలలోని ఇరుల జాతికి చెందిన నంజియమ్మ తన భాషలో, తన పాటనే, తన గొంతుతో పాడెను. రచనయు ఆమె పేరనే ప్రకటించిరి. 2022లో ఉత్తమగాయనిగా జాతీయ పురస్కారము ఆమెకు వచ్చెను. శిక్షణలేని గొంతునకు పురస్కారమేమని సంగీతము నేర్చినవారు కొందరు మూతి ముడిచిరి. ఆ మూతులు మనకు క్రొత్త గావు. ఆ చిత్రమునే తెలుగులో "భీమ్లా నాయక్" అని తీసినప్పుడు, పేరుపాటను ఎత్తుకొన్నది మన పాలమూరు సీమవాడైన దర్శనం మొగులయ్య. లింగాల ప్రాంతపు అవుసలికుంట ఆయన యూరు. పండ్రెండు మెట్ల కిన్నెరను మీటుచు పండుగ సాయన్న కథను పాడు ఆ పరంపరలో ఆయన మిగిలిన కొద్దిమందిలో నొకడు. పాట 2021 సెప్టెంబరులో వెలువడినది. 2022లో పద్మశ్రీ వచ్చినది. రాష్ట్రప్రభుత్వము కోటిరూపాయలును, ఇంటిస్థలమును ఇచ్చెదనని ప్రకటించినది.

అయిన నిచ్చట ఆగి సంతోషించుటకు వీలులేదు. 2024లో ఆ మొగులయ్యయే నగరము శివారున కట్టడముల పనిలో దినకూలిగా నున్న దృశ్యములు పత్రికలలో వచ్చినవి. సన్మానమును వేతనముగా భ్రమించుట మన జాతి దౌర్బల్యము. ఒకనాడు శాలువ కప్పుదుము, ఛాయాచిత్రము తీయుదుము. పాట మ్రోగిన ప్రతిమారును ఆయన చేతికొక పైస చేరునట్టి యేర్పాటు మాత్రము చేయము. దయ యొక్కనాటిది; బాకీ మ్రోగినన్నినాళ్ళు నడచును. ఊరిగాయకునికి మనము దాతలుగా నుండుటకు సిద్ధపడుదుము గాని ఋణస్థులుగా నుండుటకు సిద్ధపడము.

వ్యాపారులను తిట్టినంత సులభముగా మనలను మనము తిట్టుకొనము గనుక, చదువుకొన్నవారి దోషమును గూడ ఇచ్చటనే చెప్పుదును. ఊరిపాటలు సేకరించు పని మనకు నిన్న మొన్నటిది గాదు. 1874లోనే జె. ఏ. బాయిల్ అను ఆంగ్లేయుడు సర్వాయి పాపని పాటను "ఇండియన్ ఆంటిక్వెరీ" పత్రికలో ప్రకటించెను. నేదునూరి గంగాధరముగారు ఊరూర తిరిగి వేలకొలది గేయములు గూర్చిరి. బిరుదురాజు రామరాజుగారి "తెలుగు జానపద గేయ సాహిత్యము" 1958లో వెలువడి యీ శాస్త్రమునకు పునాదియైనది. వీరు లేనిచో మనకు మిగులునది శూన్యము. అయినను ఆ దారిని నడచిన చిన్న పెద్ద సంకలనములు దిరుగవేయుడు: సేకరించినవారి పేరు అట్టమీద నుండును, పాడినది "ఒక వృద్ధురాలు", "ఒక కాపు స్త్రీ". వృద్ధురాలికి పేరు లేదా? అడుగుట కెంతసేపు పట్టును? నేటి సంస్థలవారు "సంప్రదాయము" అని వ్రాసి తప్పించుకొనుట ఆ పుస్తకములనుండి నేర్చినదేయని నా యనుమానము.

మన రెండవ దోషము శుచి. ఊరిపాటలో మొరటుదనమున్నదని ముక్కు మూసికొని, మోటుమాటలు తీసివేసి, వీణచేర్చి వేదిక కెక్కించినది మన యిండ్లవారే. ఇప్పుడు డీజేవాండ్రు ఆ పాటకే మరల మోటుదనమును, అదియు నగరపు మోటుదనమును, అతికించుచుండగా అపచారమని గగ్గోలు పెట్టుచున్నాము. ఇరువురును చేసిన పని యొకటేగదా! నాట్లువేయు స్త్రీల పాటలో సరసమున్నది, బూతును ఉన్నది, అత్తను తిట్టుటయు, దొరను తిట్టుటయు ఉన్నవి. తిట్టుటకు పాటయొక్కటే వారికి దొరకిన యెడము. దానిని కడిగి తెల్లజేయుటకు మనమెవరము? ఈ విషయమున నేను అశ్లీలతా ఖండనపు సభలకు రానని ముందుగనే మనవి చేయుచున్నాను. నా ఖండనము పేరు తీసివేయుటకు, మాట చెరచుటకు.

మరియొకటి గూడ చెప్పవలెను; చెప్పకున్నచో నా వాదము ముసలివాని సణుగుడగును. పాలమూరు ప్రాంతపు యువకుడు రాము రాథోడ్ తానే కట్టి, ప్రభతో కలిసి పాడిన "రాను బొంబాయికి రాను" అను పాట 2025లో ఇంటింట మారుమ్రోగినది. మా పాలమూరు వలసకూలీల బస్సులు ఎన్ని దశాబ్దములు బొంబాయి దారి పట్టినవో ఎరిగినవారికి ఆ పేరు వినగనే యేదో కదలును. పాటలో నున్నది సరసమే కావచ్చును. అయినను అందు కట్టినవాడెవడో, పాడినవారెవరో లోకమునకు తెలియును. ఎందరు అనుకరించినను మూలమునకే కీర్తి చేరుచున్నది. పల్లెబిడ్డలు సంస్థల గడపలవద్ద నిలువక తమ పాటను తామే ప్రకటించుకొను కాలము వచ్చినదనుటకు ఇది సంతోషకరమైన గురుతు. ఫోను చేతనున్న మనుమరాలికి తెరచియున్న దారి యరుగుమీది యవ్వకు తెరచుకొనవలెనన్న, నడుమ నొకరు పూనుకొనవలెను. ఆ పూనవలసినవారు గృహస్థులే.

కోరునది పెద్ద పనియు గాదు. శాసనము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. మీ యమ్మాయి వార్షికోత్సవములో జానపదమునకు నర్తించునప్పుడు, ఆ పాట యే సీమది, మొదట పాడినవారెవరు అని పంతులమ్మనడుగుడు. ఆమెకు తెలియనిచో ఇరువురును కలిసి వెదకుడు. పాట వెలువరించు సంస్థ "జానపదము" అని మాత్రము వ్రాసినచో, ఊరి పేరేది యని క్రింద వ్రాయుడు. వేలమంది వ్రాసిననాడు వారును వ్రాయుదురు; వ్యాపారికి కొనువాని మాటకన్న శాసనమెక్కువ గాదు. అన్నిటికన్న ముందుగా, మీ యింటనో ప్రక్కింటనో పాట తెలిసిన ముసలివారుండిన, వారి యనుమతి గైకొని ఫోనులో పట్టియుంచుడు. తేది, ఊరు, పేరు చెప్పించి పాటకు ముందే చేర్చుడు. లిండా కూతుండ్రకు అక్కరకు వచ్చినది అట్టి సాక్ష్యమే.

పెండ్లియైన మూడవనాడు నేనును అట్లే చేసితిని. అవ్వ అరుగుమీద కూర్చుండి ఆ పాటను మొదటినుండి తుదివరకు పాడెను. మధ్యలో దగ్గు వచ్చి రెండుమారు లాగినది. మునుమువద్ద నావంక చూచి, ఈసారి సరిగా విను మన్నట్లు గొంతు పెంచెను. పాటైన పిమ్మట, "అవ్వా, పేరు రాసుకుంట, చెప్పు" అని నోటుపుస్తకము తెరచితిని.

"నా పేరెందుకు బిడ్డా? మా అత్త నేర్పింది గాదూ. ఆమె పేరు రాయి. ఆమె తల్లిగారూరు మాల్ దిక్కు. ఆడ నాట్లల్ల నేర్చుకున్నదట" అనెను.

అత్త పేరును, ఆ యూరి పేరును వ్రాసికొని, దానిక్రింద అవ్వ పేరును వ్రాసితిని. అవ్వ ఆ పుటను చేతికి తీసికొని, చదువు రాకున్నను, ఏ పేరెక్కడనున్నదో వ్రేలుపెట్టి చూపించుకొనెను.